పెయింటు మీద పొక్కు లేచిందంటే

కారు డోర్ కింది అంచు దగ్గర పెయింటు పెసరగింజంత ఉబ్బుతుంది. గోరుతో నొక్కితే లోపల కరకరమంటుంది. ఎక్కడో గీత పడి ఉంటుంది, టచప్ చేయిస్తే సరి అనుకుంటాం. టింకరింగ్ షాపులోనూ అదే చెప్పి, పైపైన గీకి, లప్పం పెట్టి, రంగు కొట్టి పంపిస్తారు. వచ్చే వానాకాలానికి పొక్కు అక్కడే మళ్లీ లేస్తుంది, ఈసారి రూపాయి బిళ్లంత. ఆ తుప్పు బయట పుట్టింది కాదు మరి. రేకు వెనకవైపు పుట్టి, రేకుని తినేసి, చివరికి పెయింటు దాకా వచ్చింది. ఇనుము తుప్పుగా మారితే అంతకు ముందు పట్టిన చోటుకి కొన్ని రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ తోపుడికే పెయింటు ఉబ్బుతుంది. అంటే పొక్కు కనపడే రోజుకి జరగాల్సింది చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

అందుకే ముందు తేల్చుకోవాల్సింది తుప్పు ఏ వైపు నుంచి వచ్చిందని. బానెట్ ముందు అంచున రాయి తగిలి పెయింటు లేచి, మధ్యలో ఎర్రచుక్క కనిపిస్తే అది పైనుంచి వచ్చింది. అరగంట పని. పెయింటు ఎక్కడా పగలకుండా ఉబ్బి, అదీ అంచుల్లోనో అతుకుల్లోనో ఉంటే లోపలి నుంచి వచ్చిందే. వెనకవైపు తెరవకుండా దానికి ఎంత ఖర్చు పెట్టినా దండగ.

డోర్ సంగతే తీసుకోండి. అద్దం కిందికి దిగే చోట రబ్బరు బీడింగ్ ఉంటుంది కదా, అది నీళ్లని పూర్తిగా ఆపడానికి పెట్టింది కాదు. వాన నీళ్లు దాన్ని దాటి డోర్ లోపలికి వెళ్తూనే ఉంటాయి. కంపెనీ వాళ్లకి ఆ సంగతి తెలుసు కాబట్టే కింది అంచులో మూడు నాలుగు సన్నటి చీలికలు వదులుతారు. నీళ్లు అక్కణ్ణుంచి కారిపోవాలి. వేపచెట్టు కింద నిలిపే బండిలో ఆకులూ పూతా దుమ్మూ కలిసి ఆ చీలికల దగ్గర బురదలా పేరుకుంటాయి. ఇక నీళ్లు పోవు. దానికి తోడు డోర్ బయటి రేకుని కింద లోపలి ఫ్రేము చుట్టూ మడిచి నొక్కి ఉంటారు. ఆ మడతలో పేపరు దూరేంత సందు మిగిలినా చాలు, దీపం వత్తి నూనె పీల్చినట్టు నీళ్లని లోపలికి లాక్కుంటుంది. ఫ్యాక్టరీలో బాడీని ముంచి తీసే ప్రైమర్, అంటే రంగు కింద పడే మొదటి పూత, ఆ మడత లోపలికి సరిగా ఎక్కదు. తుప్పు మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

పరీక్ష సులువు. అద్దం పూర్తిగా పైకి ఎత్తి, బీడింగ్ దగ్గర చెంబుడు నీళ్లు మెల్లగా పోయండి. అర నిమిషంలో కింద చీలికలన్నింటి నుంచీ కారడం మొదలవ్వాలి. ఒక్క చోటి నుంచే కారుతున్నా, డోర్ ఊపితే లోపల గలగలమన్నా దారి మూసుకుపోయినట్టే. శుభ్రం చేయడానికి స్క్రూడ్రైవర్ వాడకండి, అది అంచు పెయింటుని గీరేసి కొత్త తుప్పుకి దారి తీస్తుంది. వైర్లు కట్టే ప్లాస్టిక్ టై ఒకటి దూర్చి అటూ ఇటూ తిప్పితే చాలు.

ఇలాంటి చోట్లు బండిలో ఇంకొన్ని ఉన్నాయి. డోర్ల కింద పొడవునా ఉండే డబ్బా లాంటి భాగం, మన షాపుల్లో రన్నింగ్ బోర్డు అనేది. వెనక చక్రాల పైన మడ్‌గార్డు లోపలి అంచు, అక్కడ బురద గూడు కట్టుకుంటుంది. డిక్కీలో స్టెప్నీ గుంట. వైపర్ల కింద ఆకులు పడే తొట్టి. బ్యాటరీ కూర్చునే ట్రే, అక్కడ నీటితో పాటు యాసిడ్ కూడా ఉంటుంది కాబట్టి తుప్పు గీకే ముందు లీటరు నీళ్లలో మూడు చెంచాల వంటసోడా కలిపి పోయాలి, నురగ రావడం ఆగేదాకా.

సముద్రం దగ్గరి ఊళ్లలో ఇదంతా ఎందుకు త్వరగా జరుగుతుందంటే, ఉప్పు గాలిలోని చెమ్మని పట్టుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీరుకారుతుంది. వంటింట్లో ఉప్పు డబ్బా చూస్తే తెలిసేదే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం తేమ చాలు. విశాఖలోనో కాకినాడలోనో మధ్యాహ్నం ఎండలో బండి బయటికి పొడిగా కనిపించినా, మడతలోని ఉప్పు మాత్రం తడిగానే ఉంటుంది. వాన లేని నెలల్లోనూ తుప్పు ఆగకపోవడానికి కారణం ఇదే. చేపలూ రొయ్యలూ మోసే బండ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ట్రాలీ మూలల్లోంచి ఛాసిస్ మీదికి రోజూ కారుతుంటాయి.

కాబట్టి తీరంలో ఉన్నవాళ్లు వారానికోసారి అడుగుభాగం, చక్రాల గూళ్లు మంచినీళ్లతో కడగాలి. పై పాలిష్ కంటే ఇది ముఖ్యం. కొన్ని వీధుల్లో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. అద్దం మీద కాసిని నీళ్లు చల్లి ఆరనివ్వండి. తెల్లటి పొర మందంగా మిగిలితే ఆ నీళ్లతో అడుగు కడగడం మానేసి మునిసిపల్ నీళ్లు పట్టి వాడండి. ఇంకో మాట, తడి బండి మీద ప్లాస్టిక్ కవరు కప్పి వారాల తరబడి వదిలేయడం కంటే ఎండకి వదిలేయడమే నయం.

వరదలో మునిగిన బండ్లది వేరే కథ. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నిలిచాయి. ఇంజినూ సీట్లూ బాగుచేయించి, కార్పెట్ పైపైన ఆరబెట్టి తిప్పుకునేవాళ్లు ఎక్కువ. కార్పెట్ కింద అంగుళం మందాన ఫెల్టు ఉంటుంది, పరుపులాంటిది. అది నీళ్లు పీల్చిందంటే నెలలు గడిచినా ఆరదు. ఫ్లోరు రేకు పైనుంచి తినుకుపోతుంది, కిందనుంచి చూస్తే అండర్‌కోటింగ్ (అడుగున వేసే నల్ల పూత) నిగనిగలాడుతూనే ఉంటుంది. బ్యాటరీ తీసి, కాసేపు ఆగి (సీట్ల కింద ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లు ఉంటాయి), సీట్లు విప్పి, కార్పెట్ ఫెల్టుతో సహా బయటికి లాగాలి. ఫ్లోరులో ఉండే రబ్బరు బిళ్లలు ఊడదీసి నీళ్లు వదిలేయాలి. ఫెల్టు బురద వాసన వస్తుంటే పారేసి కొత్తది వేయించుకోవడమే.

ఇక తుప్పు తీసే పని. డోర్ లోపలి ప్యాడ్ విప్పి వెనకవైపు చూడకుండా బయట చెయ్యి పెట్టొద్దు. స్క్రూడ్రైవర్ పిడితో పొక్కు చుట్టూ తట్టుకుంటూ వెళ్లండి. మంచి రేకు ఠంగుమంటుంది, తినుకుపోయిన చోట శబ్దం మొద్దుగా వస్తుంది. పొక్కు పావలా అంత ఉంటే లోపల దెబ్బతిన్న మేర తరచుగా అరచేయంత ఉంటుంది.

పెయింటు తీయడానికి గ్రైండింగ్ రాయి వాడితే పని త్వరగా అవుతుంది, రేకు కూడా త్వరగా అయిపోతుంది. బాడీ రేకు మందం 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. అందులో పావు వంతు తుప్పు తిన్నాక మిగిలినదాన్ని రాయి తినేస్తే ఇంకేం ఉంటుంది? పైగా వేడికి రేకు అలలు తిరుగుతుంది. స్పాంజిలా గరుకుగా ఉండే స్ట్రిప్ డిస్కు వాడండి. అది పెయింటునీ తుప్పునీ లేపుతుంది, రేకుని పెద్దగా తాకదు. వైరు కప్పు బ్రష్‌తో ఒక చిక్కుంది. గుంటల్లో తుప్పుని పీకకుండా నునుపు చేసి మెరిపిస్తుంది, అది చూసి శుభ్రమైపోయిందనుకుంటాం. దాని తీగలు కూడా ఊడి ఎగురుతాయి, కళ్లద్దాలు లేకుండా ఆన్ చేయొద్దు. మెరిసే రేకు కనిపించాక కూడా ఆగకుండా చుట్టూ ఇంకో రెండు అంగుళాలు తీయాలి. పెయింటు కింద సాలెగూడు పోగుల్లా పాకిన తుప్పు అప్పుడే బయటపడుతుంది. చివరికి 80 నంబరు శాండ్ పేపరుతో చేత్తో రుద్దాలి.

రేకు తెల్లబడ్డాక కూడా నల్లటి చుక్కలు మిగులుతాయి. అవి గుంటల్లో దాక్కున్న తుప్పు. మొనతేలిన సూదితో ఒక్కొక్కదాన్నీ పొడవండి. దిగబడితే చిల్లు, వెల్డింగ్ తప్పదు. దిగకపోతే రస్ట్ కన్వర్టర్ పని చేస్తుంది. ఇవి రెండు రకాలు. ఫాస్ఫారిక్ యాసిడ్‌వి తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తాయి. టానిక్ యాసిడ్‌వి నీలినలుపు పొర కడతాయి, చాలావాటిని కడగక్కర్లేదు. ఫాస్ఫారిక్ రకం బ్రష్‌తో పూసి, డబ్బా మీద రాసినంతసేపు, సాధారణంగా పావుగంట నుంచి అరగంట, ఆరిపోకుండా తడిగా ఉంచి, తర్వాత కడిగేయాలి. కడగకపోతే జిగురులా మిగిలిన ఆమ్లం మీద ప్రైమర్ పట్టదు, పొరలా ఊడొస్తుంది. కన్వర్టర్ పలచటి తుప్పుకే మందు. పెచ్చులు కట్టిన తుప్పు మీద పోస్తే పై పొర నల్లబడి, కింద యథాతథంగా ఉంటుంది.

బాత్రూమ్ యాసిడ్ పోస్తే తుప్పు క్షణాల్లో పోతుందని చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. పోతుంది, నిజమే. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అందులోని క్లోరైడ్ గుంటల్లోనూ మడతల్లోనూ ఉండిపోతుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు. అంటే మీరే చేతులారా సముద్రపు ఉప్పు తెచ్చి పోసినట్టు. సాయంత్రానికి రేకంతా నారింజ రంగు తిరుగుతుంది. చింతపండుకైతే ఈ దోషం లేదు గానీ, విప్పి నానబెట్టగలిగే బోల్టులకీ క్లాంపులకీ తప్ప పనికిరాదు.

కడిగాక హెయిర్ డ్రయ్యర్‌తోనో హాలోజన్ లైటుతోనో బాగా ఆరబెట్టి, రెండు గుడ్డలతో తుడవాలి. ఒకటి జిడ్డు తీసే క్లీనర్‌తో తడిపింది, రెండోది పొడిది, క్లీనర్ ఆరకముందే. కిరసనాయిలుతో తుడిస్తే నూనె పొర మిగిలి, రంగు మీద చేపకళ్లలా గుంటలు పడతాయి. తుడిచిన చోట ఇక వట్టి చెయ్యి పెట్టొద్దు, చెమటలో ఉన్నదీ ఉప్పే.

ప్రైమర్ ఆ గంటలోనే పడాలి. తీరంలో వానాకాలం రాత్రంతా వట్టి రేకు వదిలేస్తే తెల్లారేసరికి మళ్లీ తుప్పు పూత కనిపిస్తుంది. వేయాల్సింది రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్, రెండు కోట్లు, ఏది ఎంత కలపాలో డబ్బా మీద ఉన్నట్టు. గేట్లకి కొట్టే రెడ్ ఆక్సైడ్ కారుకి వద్దు. అందులో ఎరుపు వట్టి రంగే, తుప్పుని ఆపే గుణం దానికి లేదు. షాపుల్లో త్వరగా ఆరుతుందని వాడే సింగిల్ ప్యాక్ ప్రైమర్‌కి సన్నటి రంధ్రాలుంటాయి, నీళ్లు దాటిపోతాయి. గాలిలో తేమ 85 శాతం దాటిన రోజు అసలు కొట్టకపోవడమే మంచిది, రేకు మీద కంటికి కనపడని మంచు పట్టి ఉంటుంది.

లప్పం దగ్గర కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పొక్కులు తిరిగి రావడానికి సగం కారణం అదే. లప్పంలో ఉండేది పాలిస్టర్ రెసిన్, దానిలో కలిపిన టాల్క్ పొడి. ఆరాక అది సుద్దముక్కలా నీళ్లు పీలుస్తుంది. మన పెయింటర్లకి వాటర్ పేపరు అలవాటు. బకెట్‌లో గుడ్డ ముంచి, పిండుతూ, లప్పాన్ని తడిపి తడిపి రుద్దుతారు. దుమ్ము లేవదు, పేపరు మూసుకుపోదు, చేతికి హాయిగా ఉంటుంది. ఆ నీళ్లన్నీ లప్పంలోకి దిగి, కింద వట్టి రేకు దాకా చేరతాయి. పైన పొడిగా కనిపించగానే అదే సాయంత్రం ప్రైమర్ కొట్టేస్తారు. లోపలి తడి బయటికి రాలేక రేకుని పట్టుకుంటుంది. ఎండకి బండి వేడెక్కినప్పుడల్లా ఆ తడి ఆవిరై పెయింటుని తోస్తుంది. ఆర్నెల్లలో పొక్కు. అందుకే లప్పం పడేది ఎపాక్సీ మీదే పడాలి, వట్టి రేకు మీద కాదు. ఎపాక్సీ ఆరాక 180 పేపరుతో పొడిగా గరుకు చేసి అప్పుడు పెట్టాలి. లప్పాన్ని కూడా పొడిగానే రుద్దాలి, 80, 150, 240, 320 వరసలో, మాస్కు పెట్టుకుని. వాటర్ పేపరు వాడే చోటు తర్వాత వస్తుంది, పై ప్రైమర్ మీద.

కలిపే కొలత 100 గ్రాముల లప్పానికి 2 గ్రాముల హార్డెనర్. నిమ్మకాయంత లప్పానికి బఠాణీ గింజంత. త్వరగా గట్టిపడాలని ఎక్కువ వేస్తే మిగిలిన హార్డెనర్ పైరంగులోకి ఊరి పసుపు మరకలు తేలతాయి. తక్కువైతే కింద మెత్తగా ఉండిపోతుంది. మన ఎండల్లో మూడు నాలుగు నిమిషాలకే గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకోవడమే. మందం రెండు మూడు మిల్లీమీటర్లు దాటిందంటే కింద సొట్ట సరిగా లేపలేదని అర్థం.

ఆ తర్వాత సర్ఫేసర్ (ఇందాక చెప్పిన పై ప్రైమర్), దాని మీద 600 లేదా 800 వాటర్ పేపరు, కలర్, రెండు కోట్లు క్లియర్, అంటే రంగు లేని పై పూత. ఇవి ఏ షాపులోనైనా బాగానే చేస్తారు. రెండు డబ్బాలు కలిపే టూకే క్లియర్‌లోని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకి చెడ్డవి. గుడ్డ మాస్కుతో ఇంటి పోర్టికోలో కొట్టే పని కాదు.

చిల్లు పడితే చిల్లు వరకే కోస్తే సరిపోదు, సూది దిగని గట్టి రేకు దొరికేదాకా కోయాలి. 20 లేదా 22 గేజి సీఆర్ (జింకు పూత లేని కోల్డ్ రోల్డ్) రేకు అతుకు వేయించండి. తుప్పు పట్టదని జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్నది, తెస్తామంటారు. వెల్డింగ్ వేడికి అతుకు దగ్గర జింకు కాలిపోతుంది, ఆ పొగ పీల్చినవాడికి రాత్రికి జ్వరం, అతుకులో బుడగలు. గ్యాస్ వెల్డింగ్ కూడా వద్దు. జానెడు మేర రేకు ఎర్రబడి వంకరపోతుంది, వెనక ఉన్న మంచి పెయింటంతా కాలిపోతుంది. సీఓ2 వెల్డింగ్‌లో 0.8 మిల్లీమీటర్ల వైరుతో, అంగుళానికో చుక్క చొప్పున, ఒక మూల వేశాక ఎదురు మూలకి వెళ్తూ, మధ్యలో చల్లారనిస్తూ వేయాలి. ఫైబర్ గుడ్డ అతికించి పైన లప్పం పూస్తే అది తుప్పుకి మూతే తప్ప వైద్యం కాదు. డోర్ రేకు మీద చేస్తే డబ్బే పోతుంది. రన్నింగ్ బోర్డు, జాకీ పెట్టే చోటు, షాకబ్జార్బర్ టవర్, సీటుబెల్టు బిగించే చోటు, వీటి మీద ఫైబర్ అతుకు వేస్తే ప్రాణానికే ముప్పు.

అతుకు అంచులకి సీలెంట్ కావాలి, పాలీయురెథేన్‌ది. హార్డ్‌వేర్ షాపులో దొరికే సిలికాన్ ట్యూబు తెరిస్తే వెనిగర్ వాసన వస్తుంది చూడండి, ఆ ఆమ్లమే ఇనుముని తింటుంది. దాని మీద పెయింటూ నిలవదు.

బయట ఎంత చేసినా వెనకవైపు పూత లేకపోతే లెక్క మొదటికే. డోర్ లోపలికీ రన్నింగ్ బోర్డు లోపలికీ క్యావిటీ వ్యాక్స్ కొట్టాలి. పొడవాటి ట్యూబు, చివర చుట్టూ చిమ్మే నాజిల్‌తో వస్తుంది. ట్యూబుని చివరిదాకా దూర్చి, వెనక్కి లాగుతూ కొట్టాలి. నాలుగు డోర్లకి 500 మిల్లీలీటర్ల క్యాన్ దాదాపు సరిపోతుంది. అది పలచగా మడతలోకి పాకి, తర్వాత మెత్తటి మైనంలా నిలుస్తుంది. లోపల పొడిగా ఉన్న రోజునే కొట్టాలి, తడి మీద కొడితే తడిని మూతపెట్టి దాచినట్టు. డబ్ల్యూడీ-40 దీనికి బదులు కాదు, చాలావరకు ఆవిరైపోతుంది. పాత ఇంజినాయిలు పూయడం పల్లెల్లో ఇంకా ఉంది. తుప్పుని కొంత ఆపుతుంది, కాదనను. రబ్బరు బుష్‌లని ఉబ్బిస్తుంది, దుమ్ము పట్టి పిండిలా తయారవుతుంది, బ్రేకుల మీద కారితే అసలుకే మోసం.

అడుగున వేసే నల్ల రబ్బరు కోటింగ్ కొత్త బండికి మంచిదే. పాత బండికి, అప్పటికే తుప్పున్న చోట వేస్తే దానంత చెడ్డది లేదు. రాయి తగిలి ఒక చోట చిట్లితే నీళ్లు దాని వెనక చేరి, ఎండకుండా అక్కడే ఉంటాయి. గోటితో గీరితే పెచ్చులా లేచే కోటింగ్ అంతా పీకేసి, కిందిది చూసి, అప్పుడే కొత్తది.

రాయి తగిలిన చిన్న చుక్కలకి ఇంత తతంగం అక్కర్లేదు. సన్నటి పేపరుతో ఎర్రదనం పోయేలా గీకి, చుక్క కన్వర్టర్, తుడుపు, అగ్గిపుల్ల మొనతో ప్రైమర్, ఆరాక టచప్ రంగు రెండు మూడు పలచటి పొరలు. రంగు కోడు బానెట్ కింది ప్లేటు మీదో డోర్ స్తంభం మీదో ఉంటుంది.

పని షాపుకి ఇస్తే లప్పం పెట్టకముందు వట్టి రేకు ఒకసారి చూపించమని ముందే చెప్పండి, లేదా ఫోటో పంపమనండి. బండి తీసుకునేటప్పుడు ఫ్రిజ్ మీద అంటించే పలచటి అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి రిపేరైన చోట ఆనించండి. చుట్టుపక్కల అంటుకుని అక్కడ మాత్రం జారిపోతే లప్పం మందంగా ఉంది. తర్వాత డోర్ కిందికి వంగి చూడండి, పెయింటో సీలెంటో పడి నీళ్ల చీలికలు మూసుకుపోయి ఉండటం మామూలే. షాపు వాకిట్లోనే చెంబుడు నీళ్లు పోసి, కారాకే డబ్బులు లెక్కపెట్టండి.